శనివారం తెరుచుకునే కంప్యూటర్

పాత ట్రంకు పెట్టె ఉంటే దుప్పట్లు దాచుకోవచ్చు. పాత కుట్టుమిషన్ మీద చెక్క వేసి బల్లలా వాడుకోవచ్చు. అమ్మమ్మ కాలం నాటి ఇత్తడి గంగాళాన్ని తోమి హాల్లో పెడితే వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. మరి నలభై ఏళ్లనాటి కంప్యూటర్‌ని ఏం చేసుకోవాలి? అదీ ఇద్దరు పడితేగానీ లేవనిదీ, స్విచ్ వేస్తే పిండిమర పక్కన నిలబడ్డట్టు హోరెత్తించేదీ అయితే?

మేం అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉంటాం. మా పక్కింటి పెద్దాయన ఇల్లు అమ్మేసి ఫ్లోరిడా వెళ్లిపోతూ, పారేయడానికి మనసొప్పక దాన్ని నాకు అప్పగించారు. పేరు పీడీపీ-11/73. ‘ఇది దేనికి పనికొస్తుందండీ?’ అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకి సమాధానం వెతకడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మినీ అంటే బీరువా!

దీన్ని మినీ కంప్యూటర్ అంటారు. మినీ అన్నారు కదా అని చేతిలో ఇమిడేదనుకునేరు. 1960ల్లో కంప్యూటర్ అంటే ఒక పెద్ద హాలు, ఏసీలు, దాని చుట్టూ సిబ్బంది. ఆ రోజుల్లో బీరువా సైజులో ఒకటి వస్తే అది మినీయే మరి! అలాంటి వాటికి పేరుమోసిన సంస్థ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్. ముద్దుగా డెక్ అనేవారు. 1957లో కెన్ ఓల్సెన్, హార్లన్ ఆండర్సన్ కలిసి మేనార్డ్ అనే చిన్న ఊళ్లో, ఒకప్పుడు ఉన్ని బట్టలు నేసిన మిల్లులో కొంత భాగం అద్దెకు తీసుకుని మొదలుపెట్టారు. ఆ ఊరు మా ఇంటికి అరగంట దూరం.

డెక్ 1970లో తెచ్చిన పీడీపీ-11 వరస కంప్యూటర్లు దాదాపు 6 లక్షలు అమ్ముడయ్యాయంటారు. ప్రయోగశాలల్లో, ఫ్యాక్టరీల్లో, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో పనిచేశాయి. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తయారుచేసిన యూనిక్స్ 1969లో పీడీపీ-7 మీద పుట్టినా, పెరిగి పెద్దయింది పీడీపీ-11 మీదే. మన పిల్లలు ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో కుస్తీ పట్టే సి భాష కూడా ఆ ఒళ్లోనే రూపుదిద్దుకుంది. ఇవాళ మన జేబుల్లో ఉండే ఫోన్లన్నిటిలో ఏదో ఒక దారిన యూనిక్స్ పోలికలు కనిపిస్తాయి. అంటే మా బేస్‌మెంట్‌లో కూర్చున్నది మీ ఫోనుకి ముత్తాతన్నమాట.

డెక్ మాత్రం నిలవలేదు. పర్సనల్ కంప్యూటర్ల దెబ్బకి కుదేలై 1998లో కాంపాక్ చేతికి, 2002లో దానితోపాటు హెచ్‌పీ చేతికి వెళ్లింది.

ముందు కాపలా, తర్వాతే గుమ్మం

పాత సరుకుని అలాగే చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు. ఇంటర్నెట్‌కి కలుపుదామనుకున్నాను. అది అనుకున్నంత కష్టం కాదు. కాలిఫోర్నియా బర్క్‌లీ విశ్వవిద్యాలయం యూనిక్స్‌కి తమదైన రూపం ఇచ్చింది. అందులో పీడీపీ-11ల కోసం 1990ల మొదట్లో వచ్చిన 2.11బీఎస్‌డీకి ఇంటర్నెట్ భాష వచ్చు. దాన్ని ఎక్కించి, ఒక పాత నెట్‌వర్క్ కార్డు, దానికో అడాప్టర్ తగిలిస్తే మామూలు కేబుల్‌తో పని అయిపోతుంది.

కష్టమల్లా భద్రత. ఈ కంప్యూటర్ పుట్టిన కాలంలో నెట్‌లో ఉన్నవాళ్లంతా దాదాపు ఒకరికొకరు తెలిసినవాళ్లే. తలుపులకు గడియలుండేవి కావు. పాత పద్ధతిలో లాగిన్ అయితే పాస్‌వర్డ్ కూడా పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా వెళుతుంది. అందుకని ముందు అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై బోర్డు ఒకటి కాపలా పెట్టాను. ఎవరొచ్చినా ముందు దానికి తాళంచెవి చూపించాలి. తమాషా ఏమిటంటే, ఆ కాపలాదారు లోపలున్న యజమాని కంటే వందల రెట్లు బలవంతుడు!

పనికి రాని పనులు

ఇక పనుల వేట. మొదట వెబ్‌సైట్లు చూద్దామనుకున్నాను. కుదర్లేదు. ఇప్పటి సైట్లన్నీ రహస్య లిపిలో మాట్లాడతాయి. ఆ లెక్కలు చేయడం ఈ పెద్దాయన వల్ల కాదు. మొత్తం మెమరీ 4 మెగాబైట్లు. మీరు ఫోనుతో తీసిన ఒక్క ఫొటో పెడితే నిండిపోతుంది. అందులోనూ ఒక ప్రోగ్రామ్ తన సమాచారం కోసం ఒకేసారి వాడుకోగలిగేది 64 కిలోబైట్లే.

తర్వాత ఈమెయిల్. పంపే సాఫ్ట్‌వేర్ లోపల ఉంది. కానీ ఇప్పటి మెయిల్ సంస్థలు ఇలాంటి అపరిచితుడి ఉత్తరాన్ని గుమ్మం దగ్గరే తిప్పి పంపేస్తాయి. పోనీ రోజంతా నడిపి ఇంట్లో ఉష్ణోగ్రత రాయిద్దామా అంటే... మీటరు పెట్టి చూశాను. 150 వాట్లు లాగుతోంది. నెలంతా ఆపకుండా నడిపితే 108 యూనిట్లు, మా ఊరి రేట్లలో సుమారు 30 డాలర్లు. పది డాలర్ల థర్మామీటర్ చేసే పనికి అంతా?

మా ఆవిడ ఒప్పుకున్న మొదటి ప్రయోజనం వేరే ఉంది. ఇక్కడి చలికి దోసెల పిండి పులవదు. రాత్రంతా ఓవెన్‌లో లైటు వేసి పెట్టినా అంతంతమాత్రమే. ఒక జనవరి రాత్రి ఆవిడ పిండి గిన్నె తెచ్చి కంప్యూటర్ వెనక, వేడిగాలి వచ్చే చోట పెట్టింది. తెల్లారేసరికి గిన్నె అంచు దాటింది. ‘ఏమండీ, మీ కంప్యూటర్ మంచిదేనండీ’ అంది. ఇంటర్నెట్‌తో నిమిత్తం లేని ఉపయోగమే అయినా, కాదనలేకపోయాను.

అసలు కంప్యూటర్ని నెట్‌కి కలిపి ఏం చేయాలన్న ప్రశ్న కొత్తదేమీ కాదు. 1980ల మొదట్లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ విభాగం వాళ్లు కోకాకోలా అమ్మే మిషన్ని తమ కంప్యూటర్‌కి కలిపారు. సీసాలు ఉన్నాయా, చల్లబడ్డాయా అని కుర్చీలోంచి లేవకుండానే తెలుసుకోవడానికి! ఇవాళ ఫ్రిజ్జు, గీజరు, వీధి కెమెరా నెట్‌కి కలుస్తున్నాయంటే అలాంటి సరదాల చలవే.

మావయ్య అడిగిన ప్రశ్న

మా మేనమామ హైదరాబాద్‌లో ఏఎస్ రావు నగర్‌లో ఉంటారు. ఎనభైకి దగ్గరపడ్డారు. అత్తయ్య పోయాక మాట తగ్గింది. ఫోన్ చేస్తే ‘బాగున్నావా? పిల్లలు బాగున్నారా?’ అని రెండు నిమిషాల్లో పెట్టేసేవారు. ఒకసారి మాటల్లో ఈ కంప్యూటర్ సంగతి చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం.

‘ఒరేయ్, దాని వర్డ్ ఎంతరా?’ అన్నారు.

‘పదహారు బిట్లు మావయ్యా.’

‘మాదీ పదహారే!’

ఆ రోజు గంటంపావు మాట్లాడారు.

‘మాది’ అన్నది దేన్నో చెప్పాలి. ఈసీఐఎల్ చౌరస్తాలో రోజూ బస్సు దిగే వేలమందిలో, అక్కడ ఒకప్పుడు మన దేశపు మినీ కంప్యూటర్లు తయారయ్యాయని ఎందరికి తెలుసు? అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యంలో 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్, 1969లో టీడీసీ-12ని తెచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. ఆ తర్వాత 1970ల్లో టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. విదేశాల నుంచి కంప్యూటర్ తెప్పించుకోవడమంటే గగనమైపోయిన కాలంలో, మనవాళ్లు మన గడ్డమీద తయారుచేసినవవి. మావయ్య కాలనీకి పేరు వచ్చింది కూడా ఆ రావు గారి వల్లే. మావయ్య టీడీసీ-316ల మరమ్మతులకి ఊళ్లు పట్టుకు తిరిగినవారు.

‘నేను లోపలికి రావచ్చా?’ అని అడిగారు చివరికి. కాపలాదారుకి చెప్పి తాళంచెవి పంపాను. నెల తిరిగేసరికి యూనిక్స్ ఆజ్ఞలు నాకంటే బాగా నేర్చుకున్నారు.

శ్రీ అంటే 12 బైట్లు

మావయ్య గంటంపావు చెప్పిన కబుర్లన్నీ గాలిలో కలిసిపోకూడదనిపించింది. ‘రాసి పెట్టకూడదూ, అందులోనే దాచుదాం’ అన్నాను. ఇంగ్లిష్‌లో రాయనన్నారు. తెలుగైతేనే అన్నారు.

ఇక్కడే చిక్కొచ్చింది. ఈ కంప్యూటర్‌కి తెలుగు రాదు. దాని తెర మీద తెలుగు కనపడదు, అందులోని ఎడిటర్‌తో తెలుగు టైపు చేయలేం. కానీ దాచి, అడిగినవాళ్లకి అందించగలదు. ప్రపంచ లిపులన్నిటినీ పాత పద్ధతులు చెడకుండా బైట్లలో ఇమిడ్చే యూటీఎఫ్-8 అనే ఏర్పాటుని 1992లో రూపొందించింది రాబ్ పైక్, యూనిక్స్ సృష్టికర్త కెన్ థాంప్సనే! పోస్ట్‌మ్యాన్‌కి ఉత్తరంలోని భాష రావాలా ఏమిటి? చిరునామా చూసి ఇచ్చేస్తే చాలు. మావయ్య తన ఇంట్లో లాప్‌టాప్‌లో టైపు చేసి పంపుతారు. ఇది దాచిపెట్టి, మేం అడిగితే బైట్లని వరసగా అందిస్తుంది. అక్షరాలుగా మార్చడం మా ఫోన్లు చూసుకుంటాయి.

అయితే తెలుగు చోటెక్కువ తింటుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. మనకి ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ మూడేసి. ‘శ్రీ’ అని రాస్తే 12 బైట్లు! 64 కిలోబైట్ల గదిలో ఇవన్నీ కలిపి 21,845 పడతాయి. మీరు చదువుతున్న ఈ వ్యాసం పెడితే మూడో వంతుకు పైగా గది నిండుతుంది. అందుకని ఒక్కో అధ్యాయం ఒక గది దాటకూడదని నియమం పెట్టాను. మావయ్య మొదట గొణిగారు. ఇప్పుడు అనవసరమైన మాట ఒక్కటి రాయరు. చెప్పులు బయట విడిచి కంప్యూటర్ గదిలోకి వెళ్లడం, కాగితపు టేపు చిరిగితే జాగ్రత్తగా అతికించడం, తనిఖీకి వచ్చిన అధికారి ముందు కంప్యూటర్ మొరాయించడం... ఇప్పటికి తొమ్మిది అధ్యాయాలయ్యాయి.

వారపు సంత

రోజంతా నడపడం దండగని చెప్పాను కదా. ఇప్పుడు వారానికి ఒక్క రాత్రే. మాకు శనివారం రాత్రి 9 గంటలకి స్విచ్ వేస్తాను. అప్పటికి హైదరాబాద్‌లో ఆదివారం ఉదయం ఆరున్నర, ఇక్కడ చలికాలమైతే అక్కడ ఏడున్నర. మావయ్య కాఫీ గ్లాసుతో సిద్ధంగా ఉంటారు. బయటి మెయిల్ పోదుగానీ ఆ కంప్యూటర్‌లోనే ఒకరికొకరు ఉత్తరాలు వదలొచ్చు. కాలేజీలో కంప్యూటర్స్ చదివే మా అమ్మాయి వారమంతా పోగేసిన సందేహాలు అందులో వేస్తుంది. తాతయ్య జవాబులుంటాయి. ఊళ్లో సంతలాగే... రోజూ దొరకదు కాబట్టే ఎవరూ మానరు. తెల్లారి ఆపేసేసరికి దోసెల పిండి కూడా సిద్ధం. నెలకి అంతా కలిపి 8 యూనిట్ల లోపే.

మా అమ్మాయి చెప్పిన ఉపయోగం మరొకటి. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్ కెర్నల్ మొత్తం పదివేల లైన్ల లోపే ఉంటుంది. ఓపికుంటే ఒక మనిషి ఒక సెలవుల్లో చదివేయొచ్చు. ఇప్పటి లినక్స్ కెర్నల్ కోట్ల లైన్లు. దాన్ని పూర్తిగా ఎరిగిన మనిషి ఒక్కరూ ఉండరు. ‘డాడీ, మొదటి నుంచి చివరి దాకా అర్థమైన కంప్యూటర్ నాకిదొక్కటే’ అంది.

పోతే దొరకనివి

ఇలాంటివి నిలబెట్టడం తేలిక కాదు. మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకరైన పాల్ ఆలెన్ పాత కంప్యూటర్లను బాగుచేయించి సియాటిల్‌లో లివింగ్ కంప్యూటర్స్ అనే మ్యూజియం పెట్టారు. 2012లో జనానికి తెరిచారు. ప్రపంచంలో ఎక్కడివారైనా నెట్ ద్వారా అక్కడి పాత కంప్యూటర్లలోకి లాగిన్ అవ్వగలిగేవారు. ఆయన 2018లో పోయారు. 2020లో కరోనాతో తలుపులు మూశారు. 2024లో శాశ్వతంగా మూసేస్తున్నట్టు ప్రకటించి, కొన్నిటిని వేలం వేశారు. అంతటి కుబేరుడి తలపే ఆయన తర్వాత ఆరేళ్లు నిలవలేదు. మన బేస్‌మెంట్ ఎంత?

ఇంతకీ అవసరం తీరేది యంత్రంతోనా, దాన్ని తెలిసిన మనిషితోనా? 2013లో కెనడాలోని అణువిద్యుత్ కేంద్రాల్లో 2050 వరకూ పీడీపీ-11లు పనిచేయాల్సి ఉందనీ, వాటికి ప్రోగ్రాములు రాసేవాళ్లు కావాలనీ వార్తలొచ్చాయి. విడిభాగాలు ఎక్కడో ఓ మూల దొరుకుతాయి. ఏ శబ్దం వస్తే ఏ బోర్డు పోయిందో చెప్పగలిగేవాళ్లు ఎంతమంది మిగిలారు? మొన్న ఫ్యాన్ మోత కాస్త మారింది. ఫోన్‌లో విని ‘దుమ్ము కాదురా, బేరింగు’ అన్నారు మావయ్య. విప్పి చూస్తే బేరింగే.

మీ ఇంట్లోనూ పాత రేడియోనో, టైపురైటరో, దానితోపాటు దాన్ని బాగుచేసిన తాతయ్యో ఉండే ఉంటారు. ‘ఇది దేనికి పనికొస్తుంది’ అని వస్తువుని అడిగితే జవాబు రాదు. ఆయన్ని అడిగి చూడండి.

మా కంప్యూటర్‌కి ఒక గడువుంది. దాని గడియారం 1970 నుంచి సెకన్లు లెక్కపెడుతూ వస్తోంది. 2038 జనవరి 19న, మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాలకి, లెక్క నిండిపోయి 1901లోకి పడిపోతుంది. ఈ సంగతి చెప్పి, ‘అంతటితో దీని పని సరి’ అన్నాను. ‘ఆ ప్రోగ్రామ్ పంపు, చూస్తాను’ అన్నారు మావయ్య. 2038కి ఆయనకి తొంభై దాటతాయి. పోయిన శనివారం నుంచి సి భాష నేర్చుకుంటున్నారు.