అబ్బ, ఏం ఊరండీ బూసాన్!

బూసాన్‌లో ఇళ్ల కప్పుల మీద కార్లు పెట్టుకుంటారు. కోతలు కాదు, కళ్లారా చూసి చెబుతున్నా. కొండ నడుమున వెళ్లే రోడ్డు మీద సిటీ బస్సులో పోతూ కిటికీలోంచి చూస్తే, రోడ్డుకి సరిసమానంగా ఒక డాబా, దాని మీద గీతలు గీసి మరీ నిలబెట్టిన తెల్ల కారు! ఆ కారు కింద ఎవరి వంటిల్లుందో! పక్క డాబా మీద ఎర్రటి మిరపకాయలు ఎండబోశారు. దాని కింద ఇంకో డాబా, దాని కింద ఇంకోటి, అలా దిగి దిగి చివరికి ఓడరేవు, క్రేన్లు, సముద్రం. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ‘అమ్మో’ అని నేను, ‘ఇంకా ఉంది చూడు’ అని మావాడు.

సువన్‌లో నా ఉద్యోగం. కొరియా అంటే నాకు ఇన్నాళ్లూ చదునైన రోడ్లు, ఒకే అచ్చులో పోసిన అపార్ట్‌మెంట్లు, లిఫ్టులో తల దించుకునే మనుషులు. బూసాన్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మావాడు ‘ఒక్క వారాంతం రారా బాబూ’ అని ప్రాణం తీస్తుంటే, సెప్టెంబరులో ఓ శనివారం పొద్దున్నే సియోల్ స్టేషన్‌లో కేటీఎక్స్ రైలెక్కా. నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే దూరం. రెండున్నర గంటలు దాటిందో లేదో, దించేసింది.

ఊరు చూసేముందు తిండి అన్నాడు. మిల్‌మ్యన్ కొట్టుకి లాక్కెళ్లాడు. ముందు ఒక కెటిల్ నిండా వేడి వేడి ఎముకల చారు ఇచ్చారు, ఊరికే. వెనకాలే మంచు ముక్కలు తేలే పులుసులో గోధుమ నూడుల్స్, అదే మిల్‌మ్యన్, పైన ఎర్రటి కారం ముద్ద. వేడిది ఒక గుక్క, చల్లనిది ఒక ముద్ద. కొరియా యుద్ధకాలంలో ఉత్తరాది నుంచి పారిపోయి వచ్చినవాళ్లు తమ ఊరి చల్ల నూడుల్స్ మీద బెంగ పెట్టుకున్నారట. వాటికి కావలసిన పిండి ఇక్కడ దొరకదు. అమెరికా సాయంగా వచ్చిన గోధుమపిండి మాత్రం ఉంది. దాంతోనే చేసుకున్నారు. లేమిలో పుట్టిన వంట ఇంత రుచిగా ఉంటే, అన్నీ అమరిన వంటలు సిగ్గుపడాలి.

మధ్యాహ్నం రెండింటికి యంగ్‌డో వంతెన. కార్లూ బస్సులూ ఆపేశారు. నడిరోడ్డు మెల్లగా పైకి లేచి ఆకాశం వైపు నిలబడింది! తారురోడ్డు మీది తెల్ల గీతలు నిట్టనిలువుగా కనిపిస్తుంటే పిల్లలతోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. 1934లో కట్టిన వంతెన ఇది. 1966లో ఎత్తడం ఆపేశారు. 2013లో కొత్తగా కట్టి మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు శనివారాలు మాత్రమే, పావుగంట.

అయితే ఈ వంతెన అసలు సంగతి వేరే. 1950 వేసవిలో ఉత్తర కొరియా సేన దక్షిణాన్ని దాదాపు మొత్తం ఆక్రమించి నాక్‌డాంగ్ నది దగ్గర ఆగింది. చేతిలో మిగిలిన ఈ మూల బూసానే దేశానికి తాత్కాలిక రాజధాని అయింది. లక్షల మంది ఇక్కడికొచ్చి పడ్డారు. దారిలో విడిపోయే కుటుంబాలు చెప్పుకున్న గుర్తు ఒకటే: ‘యంగ్‌డో వంతెన దగ్గర కలుద్దాం.’ తమవాళ్లు బతికున్నారో లేదో చెప్పించుకోడానికి జనం ఎగబడితే, వంతెన కింద జ్యోతిష్కుల వీధే వెలిసింది.

అలా వచ్చి పడ్డ జనమంతా ఎక్కడున్నారు మరి? కొండెక్కారు. అందుకే ఆ డాబాలు, ఆ మెట్లు! ఆమి-డాంగ్ అనే పేటలో మావాడు ఒక ఇంటి గోడ దగ్గర నన్ను ఆపి, వంగి చూడమన్నాడు. పునాదిలో చెక్కిన అక్షరాలున్న రాయి. సమాధి రాయి! జపాన్ వాళ్లు కొరియాని పరిపాలించిన రోజుల్లో వాళ్ల శ్మశానం ఇది. 1945లో వాళ్లు వెళ్లిపోయారు. నిలువ నీడ లేని జనం ఆ సమాధుల మీదే గోడలు లేపారు. ఒక రాయి మెట్టయింది, ఒకటి గ్యాస్ సిలిండర్ కింద పీటయింది. పండగలకి ఆ తెలియని జపాన్ ఆత్మలకి కూడా అన్నం పెట్టేవాళ్లున్నారట ఇక్కడ. నా నోట చాలాసేపు మాట రాలేదు. ఒక ముసలావిడ తలుపు తీసి, ఎక్కడ నుంచి వచ్చారని గట్టిగా అడిగేదాకా.

గట్టిగా అంటే నిజంగా గట్టిగా! బూసాన్ యాసలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే సియోల్ వాళ్లు పోట్లాట అనుకుంటారట. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం పొద్దున నూట ఎనిమిది మెట్లు దిగి, అలలు కొట్టే రాళ్ల మీద నిలబడ్డ హేడాంగ్ యాంగ్‌గుంగ్‌సా గుడి చూశాం. 1376 నాటి స్థాపన అంటారు. బాగుంది, కానీ సెల్ఫీ కర్రల మధ్య బుద్ధుణ్ణి వెతుక్కోవాలి. హేఉండే బీచ్ కూడా చూశాం, చూశాం అంతే.

మధ్యాహ్నం సాజిక్ స్టేడియం! లోట్టే జెయింట్స్ బేస్‌బాల్ ఆట. నాకు బేస్‌బాల్‌లో ఓనమాలు రావు, అవసరం రాలేదు. ఒళ్లో వేయించిన చికెన్ డబ్బా, చేతిలో బీరు, చుట్టూ చిరంజీవి సినిమా బెనిఫిట్ షో. ఒక్కో బ్యాటర్‌కి ఒక్కో పాట, ఆ పాటలన్నీ ముసలీ ముతకా అందరికీ కంఠతా. అవతలి పిచర్ బంతి వెయ్యకుండా ఫస్ట్ బేస్ వైపు విసిరి రన్నర్ని బెదిరిస్తే చాలు, స్టేడియం మొత్తం ‘మా!’ అని గద్దిస్తుంది. ఫౌల్ బంతి ఒకటి గ్యాలరీలోకొచ్చి పడితే ఓ భారీకాయుడు పట్టుకున్నాడు. వెంటనే ‘అజురా! అజురా!’ అని వేల గొంతులు. పిల్లలకివ్వమని. ఆయన అటూ ఇటూ చూసి, ముందు వరసలోని చిన్నపాప చేతిలో పెట్టేశాడు. ఈలలే ఈలలు! ఈ జట్టు 1992 తర్వాత కప్పు గెలవలేదని మావాడు చెవిలో చెప్పాడు. నేను నమ్మలేదు. ఓడేవాళ్లు ఇంతలా పాడతారా?

ఆ రోజూ ఓడారు. ‘బూసాన్ గల్మెగి’ పాటకి మాటలు రాకపోయినా అందరితోపాటు అరిచాను. నారింజ రంగు టోపీ కొన్నాను. సోమవారం మీటింగులో నా గొంతు పెగల్లేదు. మా టీమ్ లీడర్ సువన్ మనిషి, అక్కడి బేస్‌బాల్ జట్టు కేటీ విజ్‌కి వీరాభిమాని. జలుబు చేసిందని చెప్పాను.