కన్నవారితో కామారెడ్డి సీమ

హైదరాబాదునుండి నిజామాబాదునకు పోవు రైలుదారిని ప్రయాణము చేసిన సోదరీమణు లనేకులకు కామారెడ్డి యనునది కిటికీలోనుండి చూచి విడిచిన యొక స్టేషను పేరు మాత్రమే. ఎల్లారెడ్డి సంగతి ఆ మాత్రమును తెలియదు; ఏలయన అచ్చటికి రైలే లేదు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన కామారెడ్డి, నిజామాబాదునుండి విడివడి, వేరు జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఎల్లారెడ్డి ఆ జిల్లాలోని మూడు రెవెన్యూ డివిజనులలో నొకటి. దోమకొండ నేలిన రెడ్డి ప్రభువుల పేర్లమీదనే యీ రెండూళ్లును వెలసినవని యిచ్చటివారు చెప్పుకొందురు. క్రొత్తగా వచ్చువారి కొక చిక్కు కలదు. కామారెడ్డి దాపున అడ్లూరు ఎల్లారెడ్డి యను గ్రామము వేరొకటి యున్నది. సిరిసిల్ల వైపున ఎల్లారెడ్డిపేట మరియొకటి. కావున బస్సు ఎక్కునపుడు ఏ యెల్లారెడ్డియో అడిగి యెక్కుట మేలు.

మా యింటివారి ఉద్యోగము ననుసరించి మేమీ యూరికి వచ్చి యారేండ్లైనది. మా కన్నవారిది కోనసీమ. కొబ్బరితోటయు రెండెకరముల వరిచేనును విడిచి యెన్నడు కదలినవారు కారు. దానికితోడు, కూతురింట ఊరక భుజింపరాదనియు, మూడు రాత్రులకు మించి నిలువరాదనియు మా నాయనమ్మగారినాటి కట్టుబాటొకటి వారి మనసులలో గట్టిగా నాటుకొని యున్నది. ఈ యాచారము మన యిండ్లలో నింకను ఎందరి తల్లులను బిడ్డలకు దూరము చేయుచున్నదో పాఠకురాండ్రకు మేము చెప్పవలసిన పని లేదు. ఆరేండ్లలో రెండుమారులు బయలుదేరుదుమని రెండుమారులును మానుకొనిరి. తుదకు వారిని కదలించినది వాన.

2025 ఆగస్టు 27వ తేదీన వినాయకచవితి. పత్రి తెచ్చుకొని పూజకు కూర్చుండునప్పటికే ఆకాశము చిల్లుపడినట్లు కురియుచుండెను. జిల్లాలోని అర్గొండ యను గ్రామమున ఒక్క దినములో 40 సెంటీమీటర్లకు మించిన వాన పడినది. భిక్కనూరు, తలమడ్లల నడుమ రైలుపట్టాలక్రింది మట్టి కొట్టుకొనిపోయి బండ్లు నిలిచినవి, రాజమార్గమును తెగినది. మేమున్న వీధి మెరకగుటచే మాకు హాని కలుగలేదు గాని, అవతలి కాలనీలలో నడుములోతు నీటిలోనుండి పిల్లలను భుజములమీద మోసికొని వచ్చిరి. కరెంటు లేదు, ఫోను పలుకదు. అచ్చట మావారు టెలివిజనులో కామారెడ్డి వీధులు ఏరులై పారుట చూచుచు, ఇచ్చటి మాట వినరాక రెండు దినములు అన్నము మానినారట. కొన్ని దినములకు ధవళేశ్వరము వద్ద గోదావరి పెరిగినది. నాన్నగారు ఏటిగట్టు మీదికి పోయి ఆ యెఱ్ఱనీటిని చూచుచు, "ఈ నీరు మన అమ్మాయి గుమ్మము ముందునుండి వచ్చినదే" యనిరని అమ్మ తరువాత చెప్పినది. అది యుత్ప్రేక్ష కాదు. ఈ సీమలో కురిసిన వాన కొంత మంజీరగాను, కొంత మానేరుగాను పోయి గోదావరిలోనే కలియును.

డిసెంబరు 15వ తేదీన రాజమహేంద్రవరములో బండి యెక్కి, సికింద్రాబాదులో మారి, వచ్చిరి. సామానులో కొబ్బరికాయలు, ఆత్రేయపురము పూతరేకులు, ఊరగాయ జాడీలు. వానితోపాటు కొలిచి మూట గట్టిన బియ్యము. తామున్నన్ని దినములు తమ బియ్యమే వండవలెననుట. మా యింటివారు నొచ్చుకొనిరి కాని, మేము కనుసైగ చేసితిమి. 19వ తేదీకి తిరుగు టికెట్టు నాన్నగారి జేబులో నుండెను. నడుమ ఒక రాత్రి యెల్లారెడ్డిలో మిత్రుల యింట గడపవలసి యున్నది గనుక, అది కూతురింటి లెక్కలోనికి రాదనియు, మొత్తము మూడు రాత్రులే యగుననియు వారు ముందే లెక్క కట్టుకొని యుండిరి.

మరునాటి యుదయము అమ్మతో కూరగాయల బజారునకు పోయితిమి. చలి మెండు. కోనసీమలో శాలువ యెఱుగని మనిషి చెవులమీదుగా కొంగు బిగించుకొనినది. ఈ యూరు ఒకప్పుడు బెల్లపు వ్యాపారమునకు పేరుమోసినది. గంజులో బెల్లపు రాసులు కొండలవలె నుండెడివని పెద్దలు చెప్పుదురు. అమ్మకు బజారులో మొదట నవ్వు పుట్టించినవి గడ్డలు. మనము ఉల్లిపాయ యనునది ఉల్లిగడ్డ, బంగాళాదుంప ఆలుగడ్డ, వెల్లుల్లి ఎల్లిగడ్డ. అంతలో ఒకామె గంప ముందు కూర్చుండి "కందగడ్డలు, కందగడ్డలు" అని కేకవేయుట విని అమ్మ ముఖము వికసించినది. గోదావరివారికి కంద యన్న, బచ్చలి యన్న, ఆ రెండును కలిపిన కూర యన్న ప్రాణము. వడివడిగా పోయి చూడగా గంపనిండ చిలగడదుంపలు! "ఇవి కంద కాదే" యని అమ్మ. "గివి కందగడ్డలు గాకపోతే మరేందమ్మా? ఉడకబెట్టి తిని సూడు, శక్కరి లెక్కుంటయి" అని ఆమె. ఇద్దరును కాసేపు వాదించుకొని, తుదకు నవ్వుకొని, అమ్మ రెండు కిలోలు తీసికొన్నది. ఆ దినము కంద బచ్చలి లేదు గాని, కుంపటిలో కాల్చిన చిలగడదుంపలు నాన్నగారు మూడు తినిరి. చెల్లింపు మాత్రము అమ్మయే చేసినది. మా సంచి విప్పనీయలేదు.

ఆ మధ్యాహ్నము దోమకొండ. కామినేనివారి కోట యిది. షట్చక్రవర్తి చరిత్రము రచించిన కామినేని మల్లారెడ్డి యీ వంశమువాడే. కోటలోని మహాదేవాలయము ప్రశాంతముగా నున్నది. శిథిలమగుచున్న యీ కోటను ఆ వంశమువారే పూనుకొని బాగుచేయించిరి. 2022లో దీనికి యునెస్కోవారి పురస్కారము లభించినది. కోటలను చూచుట యందు మాకంత యాసక్తి లేదని యొప్పుకొందుము. రాణివాసపు స్త్రీలు కిటికీలోనుండి ఏమి చూచెడివారో యని తప్ప మాకు వేరు తలపు రాదు.

17వ తేదీ యుదయమున అద్దె కారులో ఎల్లారెడ్డికి బయలుదేరితిమి. దారిలో లింగంపేట. అచ్చటి నాగన్న బావి తప్పక చూడదగినది. పైనుండి చూచిన గొయ్యి. దిగినకొలది రాతి కమానులు, మెట్లు, మరల కమానులు. ఇటీవలనే పూడిక తీసి, చెట్లు కొట్టి, బాగుచేసిరి. అమ్మ పదిమెట్లు దిగి, రాతిపై చేయి వేసి నిలిచి, "నెత్తిన బిందెతో ఇన్ని మెట్లు రోజుకెన్నిమారులు ఎక్కిరో" యన్నది. కాలువలో కాలు పెట్టినచో నీరు దొరకు సీమలో పుట్టిన యామెకు, నీటికొఱకు ఇంత లోతు దిగవలెననుట అప్పుడే కంటబడినది.

ఎల్లారెడ్డి చిన్నయూరు, చెరువు, కచేరీలు, బస్టాండు, సంత, చుట్టును వరిపొలములు. భోజనముల తరువాత నిజాంసాగరమునకు పోయితిమి. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో ముగిసిన యీ యానకట్ట నవాబు అలీ నవాజ్ జంగు బహాదూరు చేతిపని. ఆయన పుట్టిన జూలై 11వ తేదీని తెలంగాణములో ఇంజనీర్ల దినముగా జరుపుదురు. సుమారు మూడు కిలోమీటర్ల కట్ట. దానిపై బండ్లు పోవు బాట. నాన్నగారు చెప్పులు విడిచి కట్టమీద కొంతదూరము నడిచిరి. వారి చిన్నతాతగారు, ఈ కాలువలు వచ్చిన తరువాత, కోనసీమలోని ఎకరము నమ్ముకొని ఇచ్చట పది యెకరములు కొని, వర్ని వైపున స్థిరపడినవారు. అట్లు కృష్ణా గోదావరి తీరములనుండి వచ్చినవారి యూళ్లను నేటికిని క్యాంపులందురు. చిన్నతనమున విన్న నిజాంసాగరమను పేరును కన్నులార చూచుట వారికిప్పుడు తటస్థించినది. మంజీర కందకుర్తి వద్ద గోదావరిని చేరునని మా యింటివారు చెప్పగా, "అయితే మా కాలువలోని నీరు సగము ఇచ్చటిదే" యని వారు లెక్కకు మించి సంతోషించిరి.

అమ్మ సంతోషింపలేదు. ఈ జలాశయము కొఱకు 40 గ్రామములు ఖాళీచేసిరని వినినది మొదలు ఆమె యడిగినది ఒక్కటే: "వారు పొయ్యిరాళ్లు పట్టుకొని పోయిరా, విడిచి పోయిరా?" మేమేమి చెప్పగలము? కట్టిననాడు 29 శతకోటి ఘనపుటడుగులకు మించి నీరుపట్టిన జలాశయములో నేడు పట్టునది 17.8 మాత్రమే, తక్కినదంతయు ఒండ్రు నిండినది. ఆ యూళ్లు నీటిక్రిందనే గాక మట్టిక్రిందను పడినవి.

ఆ రాత్రి బసచేసిన యింటిలో మా మిత్రుని తల్లిగారు దీపము క్రింద కూర్చుండి బీడీలు చుట్టుచుండిరి. ఈ జిల్లాలో ఈ పని యెఱుగని గడప అరుదు. తునికాకును నానబెట్టి, కత్తిరించి, పొగాకు పొడి వేసి, చుట్టి, దారము కట్టి మూతి మడచుట: వ్రేళ్లు చూచుచుండగనే తిరుగును. వేయి బీడీల కింత యని కూలి. తెలంగాణ రాష్ట్రము వచ్చిన తరువాత బీడీలు చుట్టువారికి నెలనెల పింఛను నేర్పడినది గాని, పొగాకు దుమ్ము రొమ్మున చేసెడి చేటును ఏ పింఛనును తీర్పలేదు. ఆమె పెద్దకుమారుడు పదునాలుగేండ్లుగా దుబాయిలో నున్నాడు. ఈ ప్రాంతమున మగవారు గల్ఫునకు పోవుట యింటింటి సంగతి. మా కోనసీమలోనో, ఆడువారే కువైటునకు వంటపనికి పోవుదురు. ఈ మాట అమ్మ చెప్పగా ఆమె బీడీ చుట్టుట ఆపి, "తల్లి పోతే పిల్లలనెవరు సూస్తరు?" అన్నది. "అమ్మమ్మలు" అని అమ్మ. తరువాత చాలసేపు ఇద్దరును మాటలాడలేదు.

మిత్రుని తల్లి పరుండబోవునపుడు అమ్మను, "బిడ్డ ఇంట్ల ఎన్నొద్దులుంటవు?" అని యడిగినది. "మూడు రాత్రులమ్మా" యనగా, "నా బిడ్డ యిల్లు నా యిల్లు గాదా? నా కొడుకు దుబాయిల ఉన్నడు. బిడ్డనే నన్ను సూస్తది. లెక్కలేంది?" అనినది. అమ్మ బదులు చెప్పలేదు.

మరునాడు మెదకు దారి పట్టితిమి. నడుమనున్నది పోచారము. ఆలేరు వాగుమీద 1916–22 నడుమ రాయి, సున్నములతో కట్టిన చెరువిది. ఒకప్పటి నిజాము వేటమైదానము, 1952నుండి అభయారణ్యము. చలికాలమున దూరదేశపు పక్షులు వచ్చి వ్రాలును. నాన్నగారు చూడవలెనని వచ్చినది పక్షులను కాదు. ఆగస్టు వాననాడు ఈ కట్ట తెగునేమో యని దిగువ నున్న వారందరును ప్రాణములు బిగబట్టుకొని యుండిరి. ఊహకందని వరద కట్టమీదుగా దుమికినను, అది నిలిచినది. టెలివిజనులో ఆ రాత్రియంతయు వారు చూచినది ఈ కట్టనే. ఇప్పుడు నీరు తేటగా, అలికిడి లేక యున్నది. వారు రాతిని తట్టి చూచి, "నూరేండ్ల సున్నము" అని మాత్రమనిరి.

మెదకు దేవాలయము చేరునప్పటికి మధ్యాహ్నము. క్రిస్మసునకు ఇంక వారము. గోపురమునుండి దీపమాలలు దించి కట్టుచుండిరి. వెస్లియను మిషనువారైన చార్లెసు వాకరు పాస్నెటు దొరగారు, కరవు రోజులలో జనులకు పని కల్పించి కూలిగా తిండి పెట్టుచు కట్టించిన మందిరమిది. 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. అనగా 2024లో నూరేండ్లు నిండినవి. పొడవు 200 అడుగులు, వెడల్పు 100. గోపురము 175 అడుగులు. రంగుటద్దముల కిటికీలు మూడు: యేసు జననము, సిలువ, ఆరోహణము. ఫ్రాంకు సాలిస్బరీ యను ఆంగ్ల చిత్రకారుని పని. వెలుతురు బయటినుండి రావలెను గాన పగటిపూటనే చూడవలెను. కోనసీమలో ప్రతి క్రిస్మసునకును నక్షత్ర దీపములు చూచి యెఱిగిన అమ్మ, ఈ కిటికీలలో పశువులకొట్టము నొద్దనున్న తల్లిని చూచి, "బాలింతరాలికి కప్పుకొన దుప్పటియైన లేదే" యని జాలిపడినది. కరవుకూలికి రాళ్లు మోసిన యాడువారి పేర్లెక్కడైన చెక్కియుండునా యని ఆమె గోడలవెంట వెదకుచు పోవుటయు మేము చూచితిమి.

తిరుగు దారిలో చీకటి పడినది. ఇంటి పక్కనున్న క్రైస్తవ కుటుంబమువారు మమ్మందరను పండుగ భోజనమునకు పిలిచియుండిరి. అప్పటికి తాము వెడలిపోవుదుమని అమ్మ వారితో చెప్పియుండెను. కారు ఎల్లారెడ్డి దాటిన తరువాత నాన్నగారు జేబులోని టికెట్టు తీసి మా యింటివారికిచ్చి, "ఇది మార్చుటకు వీలగునా, అల్లుడుగారూ? ఇరువదియారుకో, ఇరువదియేడుకో" అనిరి. మేము అమ్మవంక చూచితిమి. ఆమె కిటికీలోనుండి పొలములు చూచుచు, "తెచ్చిన బియ్యము రేపటితో సరి. ఇక మీ బియ్యమే వండవే" యన్నది.