వరస కలిపిన పేర్లు

ఎండలు ముదిరేసరికి యలమంచిలి చుట్టూ మెట్టల మీద జీడిమామిడి పళ్లు రాలడం మొదలవుతుంది. నర్సీపట్నం మీదుగా గొలుగొండ, నాతవరం కొండవాలుల దాకా గాలిలో అదే వాసన, సగం తీపి, సగం పులిసిన ఘాటు. పండు ఎర్రగానో పసుప్పచ్చగానో ఉంటుంది. పిక్క మాత్రం పండు లోపల ఉండదు, కింద వేలాడుతుంది. కొరికితే ముందు తియ్యగా ఉంటుంది, ఆ వెంటనే వగరు గొంతు పట్టేస్తుంది. అందుకే మా వైపు పిల్లలు ఉప్పు అద్దుకుని తింటారు. రసం చొక్కా మీద పడిందంటే ఆ మరక ఇక పోదు.

పిక్క సంగతి మరీ గట్టిది. మూకుడులో వేసి కాలుస్తుంటే తొక్కలోంచి నూనె చిమ్మి భగ్గున అంటుకుంటుంది. కాలిన పిక్కల్ని బూడిదలో దొర్లించి, రాయి మీద పెట్టి, పప్పు విరగకుండా ఒక్క దెబ్బతో పగలగొట్టాలి. రోజంతా ఆ పని చేసే ఆడవాళ్ల వేళ్లు నల్లబడి చర్మం పొరలుగా లేచిపోతుంది. పెళ్లిలో పాయసం తినేటప్పుడు ఆ వేళ్లను ఒక్కసారి తలచుకోవాలి.

ఈ చెట్టు పుట్టిల్లు బ్రెజిల్. పోర్చుగీసువాళ్లు 1500లో అక్కడ అడుగుపెట్టారు, 1510లో గోవా పట్టుకున్నారు. ఆ శతాబ్దంలోనే చెట్టు మన పడమటి తీరానికి చేరింది. బ్రెజిల్ తుపీ ప్రజలు దాన్ని ‘అకాజు’ అంటే పోర్చుగీసువాళ్లు ‘కాజు’ అన్నారు, హిందీ ఆ మాటనే తీసుకుంది. మలయాళీలు తెచ్చినవాళ్లను గుర్తుపెట్టుకుని పరంగిమావు అన్నారు, పరంగివాళ్ల మామిడి అని. తెలుగువాళ్లు పరాయి పేరూ పెట్టలేదు, తెచ్చినవాడి పేరూ పెట్టలేదు. చెట్టును నిలువునా పరిశీలించి ‘జీడిమామిడి’ అన్నారు.

ఆ పరిశీలన ఎంత నిశితమైనదో చూడండి. జీడి అంటే అప్పటికే మన అడవుల్లో ఉన్న నల్లజీడి. దాని రసంతోనే చాకలివాళ్లు బట్టలకు గుర్తులు పెట్టేవారు. ఆ రసం ఒంటికి తగిలితే పొక్కులు లేస్తాయి. ఆయుర్వేదం దాన్ని భల్లాతకి అంటుంది, శుద్ధి చేయకుండా వాడరు. నల్లజీడికి కూడా కండగల నారింజరంగు తొడిమ మీద పిక్క బయటే కూర్చుని ఉంటుంది. కొత్త చెట్టు పిక్క చూడగానే ఆ పోలిక కనబడి ఉంటుంది. ఇక ఆకు, పూత, మూతిని పొక్కించే సొన, ఇవన్నీ మామిడివి. రెండూ కలిపి పేరు పెట్టారు. వృక్షశాస్త్రం కూడా మామిడినీ నల్లజీడినీ జీడిమామిడినీ ఒక్క కుటుంబంలోనే చేర్చింది, అనకార్డియేసి అని. ఐరోపా మందులవాళ్లు నల్లజీడిని పిలిచే ‘అనకార్డియం’ అన్న మాటను తీసుకుని జీడిమామిడికి పెట్టినవాడు లిన్నేయస్, 1753లో. స్వీడన్‌లో పండితుడు పుస్తకాలూ ఎండుమొక్కలూ ముందేసుకుని చేసిన పనే ఇక్కడ కొండకింద రైతు, అడవిలో పిక్కలేరే మనిషి చేశారు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. నల్లజీడి పిక్కల్ని మన్యంలో గిరిజనులు ఇప్పటికీ ఏరుతున్నారు, గిరిజన సహకార సంస్థ కొంటోంది.

కొత్తగా వచ్చిన మనిషిని పిన్ని అనో బావ అనో పిలిచి వరస కలిపేసుకుంటాం కదా, మొక్కలకూ అలాగే చేశాం. మిరపకాయ రాకముందు మన నోటికి కారమంటే మిరియమే. కొత్త కాయ వచ్చి మిరియంలాగే మండించేసరికి మిరప అయింది. తమిళులు మిళగు నుంచి మిళగాయ్ అన్నారు, కన్నడిగులు మెణసు నుంచి మెణసినకాయి అన్నారు. ముగ్గురికీ ఒకే ఊహ తట్టింది. బెంగాలీలకు మాత్రం అది లంక, ఓడ మీద దూరం నుంచి వచ్చిన సరుకు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఋతువుకో తీరున పెట్టే భోజనాన్ని వర్ణిస్తాడు. చలికాలపు వడ్డనలో కూరలకు ఘాటు మిరియాల పొడిది. ఆయన పాలించిన 1509–1529 కాలంలోనే పోర్చుగీసు ఓడలు గోవాలో లంగరు వేస్తున్నాయి, అయినా ఆ విస్తట్లో మిరపకాయ లేదు.

మిరియం కంటే ముందు సంగతి తవ్వితే మన్యమే ఎదురవుతుంది. నర్సీపట్నం దాటి ఘాటీ ఎక్కితే చింతపల్లి, పాడేరు వైపు పిప్పళ్లు పండిస్తారు, మోడి అనే వాటి వేళ్ల కోసం. ఆ ‘పిప్పలి’ మాటే గ్రీకులో పెపెరి అయి, లాటిన్ మీదుగా ఇంగ్లీషు ‘పెప్పర్’ దాకా వెళ్లింది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ప్లినీ రాసిన ధరల్లో పిప్పలి పౌను 15 దినారాలు, నల్లమిరియం 4. మనం పేరు ఇచ్చిన వరసలు కూడా ఇలా చాలా ఉన్నాయి. చింతపండును అరబ్బులు ‘తమర్ హింద్’, హిందూదేశపు ఖర్జూరం అన్నారు. ఆ చింత ఆఫ్రికా నుంచి ఎప్పుడో వచ్చి మనలో పూర్తిగా కలిసిపోయింది. పప్పుచారు పరాయిదని ఎవరికైనా అనిపిస్తుందా?

మిగతావి గబగబా చెప్పేస్తాను. వేరు దగ్గర కాసింది కనుక వేరుశనగ. బంగాళం నుంచి వచ్చిందనుకున్నారు కనుక బంగాళాదుంప. బొప్పాయి రాయలసీమలో పరంగిపండు. మెక్సికో చెట్టు మన చింతలా కాయలు కాస్తే సీమచింత. టమాటా గోదావరి నుంచి ఉత్తరాంధ్ర దాకా పెద్దవాళ్ల నోట రామములక్కాయ. ములక మన పొలంగట్ల మీద ముళ్లతో పెరిగే మొక్క, వంగజాతిదే; టమాటాదీ ఆ జాతే. ఇక్కడా ఊరిజనం చూపు శాస్త్రజ్ఞుడి చూపుతో కలిసింది. అమెరికా ఖండపు పళ్లు రెంటికి సీతనూ రామున్నీ తోడిచ్చి సీతాఫలం, రామాఫలం అనేశాం. ఇంత ఆదరణ ఏ దేశం చూపింది?

అయితే నాలుక మర్చిపోయిన తేడాను తద్దినం మర్చిపోలేదు. సంప్రదాయం పట్టుకున్న ఇళ్లలో ఆనాటి వంటకు బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ ఎక్కవు. కొన్ని ఇళ్లలో మిరపకాయ కూడా నిషిద్ధం, కారానికి మిరియం, అల్లం. కంద, చేమ, అరటికాయ, కాకర, పనస, నువ్వులు, మినప గారెలు, బెల్లం, ఇదీ ఆ విస్తరి. మిగతావి ఎందుకు వద్దని అడిగితే పురోహితులు ‘అవి విశ్వామిత్ర సృష్టి’ అంటారు. బ్రహ్మ సృష్టికి పోటీగా తర్వాత పుట్టినవని. కథ పక్కనపెట్టి ఆ వద్దన్న జాబితా చూడండి, అందులో చాలావరకు గత ఐదు వందల ఏళ్లలో ఓడ దిగినవే. పూరీ జగన్నాథుడి వంటశాల కూడా బంగాళాదుంప, టమాటా లేకుండానే మహాప్రసాదం వండుతోంది. తాతముత్తాతలకు పెట్టే ముద్ద వాళ్లు ఎరిగిన రుచిలో ఉండాలన్న పట్టుదల వల్ల ఒక పాత కాలపు వంటిల్లు చెక్కుచెదరకుండా మన చేతికి వచ్చింది. నాకు ఆ వంట మీద అపారమైన గౌరవం.

యలమంచిలికి రాసిపెట్టిన చరిత్ర తక్కువేం కాదు. చాళుక్యశాఖ ఒకటి ఇక్కడి నుంచి ఏలింది. దగ్గరలోని పంచధార్లలో వాళ్ల 15వ శతాబ్దపు శాసనాలున్నాయి. బ్రిటిష్ కాలంలో సర్వసిద్ధి తాలూకాకు ఈ ఊరే కేంద్రం. పంచధార్ల రాళ్లు చెక్కిన నాటికి ఈ నేల మీద మిరప లేదు, జీడిమామిడి లేదు, వేరుశనగ లేదు. ఇవాళ ఆ మూడూ తీసేస్తే మా ఊరి వంటింట్లో ఆవకాయ లేదు, పాయసంలో పప్పు లేదు, అనకాపల్లి బెల్లంతో పట్టే వేరుశనగ అచ్చు లేదు. ఇంత పెద్ద మార్పు ఏ రాజూ శాసనం వేయించకుండానే జరిగిపోయింది. దాని జాడ మిగిలింది పేర్లలోనే.

ఆ పేర్లు ఇప్పుడు వేగంగా పోతున్నాయి. రామములక్కాయ అంటే మా ఇళ్లలోనే కుర్రవాళ్లు తెల్లమొహం వేస్తున్నారు. డ్రాగన్ ఫ్రూట్ మన చేలల్లోకి వచ్చింది, దానికి తెలుగు పేరు పెట్టే తీరిక ఎవరికీ లేదు. గుజరాత్ ప్రభుత్వం 2021లో దాన్ని కమలం అంది. ప్రభుత్వాలు పెట్టే పేర్ల మీద నాకు నమ్మకం తక్కువ. సాగుచేసేవాళ్లు, వండేవాళ్లు పెట్టాలి. ఈలోగా మీరు ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి కూరలకూ పళ్లకూ ఆకులకూ వాళ్లు చిన్నప్పుడు వాడిన పేర్లు అడగండి, తద్దినానికి ఏం వండేవారో ఏం మానేసేవారో అడగండి, ఊరి పేరుతో సహా ఒక నోటుబుక్కులో రాసి ఉంచండి.