వెనక ఇరుసులో ఎన్ని పళ్లు?

పాత అమెరికన్ కారు కొన్నవాళ్లెవరైనా ఇంజను సంగతి ఓ కొలిక్కి వచ్చాక అడిగే ప్రశ్న ఒకటే: "వెనక గేరు ఎంత పెట్టించమంటారు?" మీరూ అదే అడగబోతున్నారని తెలుసు. కూర్చోండి, తీరిగ్గా మాట్లాడుకుందాం. అంకె చెప్పేముందు మిమ్మల్ని కొన్ని అడగాలి. టైరు ఎత్తెంత? గేరుబాక్సు ఏది? ఇంజను బలం ఏ ఆర్పీఎం దగ్గర పూర్తిగా వస్తుంది? ఆదివారం డ్రాగ్ స్ట్రిప్‌కి వెళ్లే ఈ కారు సోమవారం ఎక్కడ తిరుగుతుంది? ఈ చివరిదానికి నిజం చెప్పేవాళ్లు తక్కువ. గేరు ఎంపికలో తేడాలన్నీ చాలావరకు అక్కడే మొదలవుతాయి.

ముందు ఇరుసు లోపలికి తొంగిచూద్దాం. ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర చిన్న పినియన్, దాన్ని కరుచుకుని పెద్ద క్రౌన్ వీల్. పినియన్‌కి 10 పళ్లు, క్రౌన్‌కి 41 ఉంటే 4.10. పినియన్‌కి 11, క్రౌన్‌కి 41 అయితే 3.73. 13కి 40 అయితే 3.08. 4.10 అంటే షాఫ్ట్ నాలుగు చుట్లు దాటి తిరిగితేగాని చక్రం ఒక్క చుట్టు తిరగదన్నమాట. అంకె పెద్దదయ్యేకొద్దీ చక్రం దగ్గర తోపు పెరుగుతుంది, అదే వేగానికి ఇంజను మరింత తిరగాల్సి వస్తుంది. 3.08 తీసేసి 4.10 వేస్తే తోపు మూడో వంతు పెరుగుతుంది. ఇంజనుకి కొత్తగా ఒక్క హార్స్‌పవర్ కూడా రాదు. ఆర్ఎక్స్ 100 వెనక స్ప్రాకెట్ మార్పించి పికప్ తెచ్చుకున్న కుర్రాళ్లని ఎరిగినవాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు.

ఒకప్పుడు ఈ ఎంపిక షోరూంలోనే జరిగేది. 1969 కామారో జెడ్/28 కొంటే 3.73 మామూలుగా వచ్చేది, కావాలంటే అంతకంటే పెద్దవీ ఇచ్చేవారు. అదే ఏడు ఫోర్డ్ వాళ్లు 428 కోబ్రా జెట్ మస్టాంగ్‌కి 3.91 గానీ 4.30 గానీ ఆర్డరు చేస్తే, మీరు స్ట్రిప్‌కి వెళ్తారని అర్థం చేసుకుని ఇంజన్నే మార్చేసేవారు. గట్టి కనెక్టింగ్ రాడ్లూ ఆయిల్ కూలరూ వేసి సూపర్ కోబ్రా జెట్‌గా పంపేవారు. ఇరుసు అంకె చూసి ఇంజను బిగించే కంపెనీ! నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చుతుంది, ఎందుకంటే గేరు విడిగా ఉండేది కాదని వాళ్లకి తెలుసు. తర్వాత 1973 చమురు సంక్షోభం వచ్చింది. 1974 జనవరిలో నిక్సన్ సంతకంతో దేశమంతటా గంటకి 55 మైళ్ల పరిమితి వచ్చింది. కంపెనీలు మైలేజీ వెంట పడ్డాయి, 2.73, 2.56 లాంటి గేర్లు ఇళ్లకి చేరాయి. డెబ్భైల నాటి కారు మీకు దొరికితే, ఇంజను బావున్నా బండి బద్ధకంగా ఎందుకు కదులుతుందో ముందు ఇరుసుని అడగండి.

ఇప్పుడు లెక్కకి వద్దాం. మీ టైరు 275/60-15 అనుకోండి, అది దాదాపు 28 అంగుళాల ఎత్తు. ఆ టైరుకి లెక్క మహా సులువు: గంటకి ఎన్ని మైళ్లో దాన్ని గేరు అంకెతో గుణించి, మళ్లీ 12తో గుణిస్తే టాప్ గేరులో ఆర్పీఎం వచ్చేస్తుంది. వేరే ఎత్తు టైరైతే 12 బదులు 336ని ఆ అంగుళాలతో భాగించి వేసుకోండి.

బండిని పావు మైలు, అంటే 402 మీటర్లు, తోలుతున్నాం. 383 ఘనపుటంగుళాల ఇంజను, బలం పూర్తిగా వచ్చేది 5,700 దగ్గర. గీత దాటేటప్పుడు వేగం 110 మైళ్లు. 110ని 12తో గుణిస్తే 1,320. 4.10తో అది 5,412. ఆటోమేటిక్ గేరుబాక్సులో టార్క్ కన్వర్టర్ కాస్త జారుతుంది కాబట్టి అయిదు శాతం కలిపితే 5,700కి అటూ ఇటూ. అంటే ఇంజను తన బలం ముదిరిన చోట గీత దాటుతోంది. అదే మనకి కావలసింది. 4.56 వేస్తే 6,300 దాటిపోతుంది, అక్కడ ఇంజనులో ఊపు చచ్చిపోయి అరుపు మాత్రం మిగులుతుంది. 3.08తో అయితే 4,270 దగ్గరే గీత వచ్చేస్తుంది, టాప్ గేరు అసలు పనిలోకి దిగకముందే పందెం అయిపోతుంది. అందుకని నేనెప్పుడూ చివరి గీత నుంచి వెనక్కి లెక్క వేయమంటాను. స్టార్టులో ఎంత ఎగిరిపడిందన్నది తర్వాతి మాట.

సరే, 4.10 కొనేయమంటారా? ఆగండి, సోమవారం సంగతి మిగిలింది. హైవే మీద 70 మైళ్ల వేగంలో 4.10 అంటే 3,440 ఆర్పీఎం. ఓ అరగంట పర్లేదు. మూడు గంటలైతే చెవులు హోరెత్తుతాయి, పక్కన కూర్చున్నవాళ్లతో మాటలుండవు, పెట్రోలు కళ్లముందే ఆవిరైపోతుంది. 3.73తో 3,130. 3.08తో 2,590, హాయిగా ఉంటుంది.

ఈ చిక్కు విడిపోయేది గేరుబాక్సు దగ్గర. పాత టర్బో 350కి మూడే గేర్లు: ఫస్ట్ 2.52, సెకండ్ 1.52, టాప్ 1.00. ఎనభైల్లో జనరల్ మోటార్స్ కార్లలో వచ్చిన 700ఆర్4కి ఫస్ట్ 3.06, పైన 0.70 ఓవర్‌డ్రైవ్. ఫస్ట్ గేరుని ఇరుసు గేరుతో గుణిస్తే బండి కదిలేటప్పటి అసలు తోపు తెలుస్తుంది. టర్బో 350 వెనక 4.10 పెడితే 10.3. 700ఆర్4 వెనక 3.73 పెడితే 11.4! చిన్న గేరుతో ఎక్కువ తోపు, పైగా 70 మైళ్లలో 2,200 ఆర్పీఎమ్మే. దీనికీ ఓ లోపముంది. ఫస్ట్ నుంచి సెకండ్‌కి, అంటే 3.06 నుంచి 1.63కి పెద్ద గెంతు. 5,800 దగ్గర మారిస్తే ఇంజను ఒక్కసారిగా 3,100కి పడిపోతుంది, మళ్లీ పుంజుకోవాలి.

కాబట్టి పైన లెక్క వేసిన బండికి నా ఓటు 200-4ఆర్ గేరుబాక్సుకి, దాని వెనక 4.10కి. ఫస్ట్ 2.74, సెకండ్ 1.57, ఓవర్‌డ్రైవ్ 0.67. కదిలేటప్పుడు 11.2, గీత దగ్గర 5,700, హైవే మీద 2,300. మూడూ కుదిరాయి. కంపెనీ నుంచి వచ్చినది వచ్చినట్టు వాడితే ఆ బాక్సు మీ ఇంజనుకి ఆగదు, లోపల గట్టి సామాను వేయించాలి. కన్వర్టర్ 3,000 స్టాల్‌ది (అంటే ఆ ఆర్పీఎం దాకా జారేది) అయితే లాకప్ తప్పకుండా ఉండాలి. లేకపోతే 2,300 దగ్గర అది జారుతూనే ఉండి నూనె కాలిపోతుంది. బాక్సు మార్చే స్తోమత ఇప్పుడు లేకపోతే టర్బో 350నే ఉంచి 3.73తో సరిపెట్టుకోండి. గీత దగ్గర కాస్త కోల్పోతారు, రోజూ తోలడానికి మనసొప్పుతుంది. 4.10 వేయించి కారుని షెడ్డులో పెట్టేసేకంటే ఇది ఎన్నోరెట్లు నయం.

టైరు గురించి మరో మాట. 26 అంగుళాల టైరు తీసి 28 వేస్తే మీ 4.10 కాస్తా 3.81లా నడుస్తుంది. వీధికి ఒక జత, స్ట్రిప్‌కి ఎత్తైన స్లిక్స్ ఇంకో జత ఉంచుకునేవాళ్లు ఈ తేడా ముందే లెక్కలో వేసుకోవాలి. అలాగే టైరు పట్టు లేకుండా తోపు పెంచితే పొగ తప్ప ఏమీ రాదు.

అంకె ఎంత పెద్దదైతే అంత వేగమన్న నమ్మకం చాలామందికి ఉంది. కానీ డ్రాగ్ పందేల్లో అన్నిటికంటే వేగంగా వెళ్లే టాప్ ఫ్యూయెల్ బండి ఇరుసులో ఇవాళ నిబంధన ప్రకారం ఉండేది 3.20 మాత్రమే. వేల హార్స్‌పవర్‌కి అదే సరిపోతుంది.

ఇక బిగించే పని. మీది షెవ్రొలె 12-బోల్ట్ ఇరుసైతే 3.08 నుంచి 3.73 వరకు ఒక క్యారియర్ (క్రౌన్ బిగించే భాగం), 4.10 నుంచి పైకి ఇంకొకటి. గేర్లు కొన్నాక ఇది తెలిస్తే ఖర్చు పెరుగుతుంది, ముందే అడగండి. 1957లో వచ్చిన ఫోర్డ్ 9 అంగుళాల ఇరుసుదే సుఖం. గేర్ల సెట్టంతా ముందువైపు నుంచి ఊడి చేతికొస్తుంది, వీధికొకటి స్ట్రిప్‌కొకటి సిద్ధంగా ఉంచుకోవచ్చు.

పని చేసేవారి దగ్గర నిలబడి ఒక్కటి చూడండి. క్రౌన్ పళ్లకి పసుపురంగు పేస్టు పూసి, చేత్తో బరువు ఆపుతూ తిప్పుతారు. పినియన్ ఒత్తిన చోట పేస్టు చెరిగి అచ్చు పడుతుంది. ఆ అచ్చు పంటి మధ్యలో నిండుగా ఉండాలి. పంటి అంచుకో అడుగుకో జరిగితే షిమ్ములు మార్చి మళ్లీ తిప్పాలి. పళ్ల మధ్య వదులుని డయల్ గేజ్‌తో చూస్తారు, అది అంగుళంలో వెయ్యో వంతు చొప్పున 6 నుంచి 10 లోపు ఉండాలి. ఒకటికి నాలుగుసార్లు విప్పి బిగించే ఓపిక ఉన్న మెకానిక్ దొరికితే కూలి గురించి బేరమాడకండి.

బండి ఇంటికొచ్చాక మొదటి పదిహేను ఇరవై మైళ్లు నెమ్మదిగా తోలి, ఇరుసుని పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా కొన్నిసార్లు చేయాలి. 500 మైళ్లదాకా స్ట్రిప్ మాట ఎత్తకుండా, అప్పుడు నూనె మార్చండి. స్పీడోమీటర్ కేబుల్ చివర ఉండే చిన్న ప్లాస్టిక్ గేరుని కూడా మార్పించాలి. 3.08 నుంచి 4.10కి వచ్చి దాన్ని అలాగే వదిలేస్తే 70లో వెళ్తుంటే ముల్లు 93 చూపిస్తుంది. క్రౌన్, పినియన్ ఆర్డరు పెట్టే రోజే అదీ తెప్పించేయండి.