రెండో జట్టు

యాభై నాలుగేళ్ళ బ్యాంకు ఆఫీసరు సెల్‌ఫోన్‌లో రాక్షసుల్ని పట్టే ఆట గురించి రాయడమేమిటని మా ఆవిడ ముందే నవ్వేసింది. మీరూ నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

పోకెమాన్ గో అనే ఆ ఆట 2016 డిసెంబరులో మన దేశానికి వచ్చింది. రాయగడలో ఉండగా మా అబ్బాయి నేర్చుకున్నాడు. కోరాపుట్‌కి బదిలీ అయ్యాక కొత్త ఊళ్ళో వాడికి స్నేహితులు లేరు. ఇక నేనే గతి.

2017 నుంచి అందులో 'రెయిడ్' అని ఒకటి పెట్టారు. ఒక పెద్ద జంతువు ఏదో ఒక చోట తిష్ఠ వేస్తుంది. మనం ఒక్కొక్కరం ఆరేసి జంతువులతో వెళ్ళి కొట్టాలి. అయిదు నక్షత్రాల వాడికైతే 300 సెకన్లు గడువు. పెద్ద నగరాల్లో ఇరవై మంది చేరతారు, ఎవరేం తెచ్చినా చెల్లిపోతుంది. మేము ముగ్గురమే: వాడు, నేను, పక్క వీధి ఒడియా కుర్రాడు. ఆ పిల్లాడు నన్ను 'మౌసా' అంటాడు. ముగ్గురే ఉన్నప్పుడు లెక్క తప్పకూడదు.

మొదట్లో నేను జంతువు నెత్తిమీద ఉన్న పెద్ద అంకె చూసి ఎంచుకునేవాణ్ణి. అది మేడ ఎత్తు చూసి అప్పిచ్చినట్టే. అసలు చూడవలసింది జాతి. సరైన జాతి దెబ్బ 1.6 రెట్లు తగులుతుంది.

మా వాడు సోమవారం విశాఖపట్నం హాస్టలుకి వెళ్తాడనగా ఆదివారం సాయంత్రం గ్రౌడాన్ వచ్చింది. నేల జాతిది. దానికి నీరు, గడ్డి, మంచు జాతులు విరుగుడు. పైగా కోరాపుట్ వాన, వదలకుండా పడుతోంది. వానలో నీటి దెబ్బకి ఇంకో 1.2 రెట్లు బలం. ఇంకేముంది, నెలల తరబడి కూడబెట్టిందంతా పోసి పెంచిన ఆరు స్వాంపర్ట్‌లని దించాను. ఒడియా కుర్రాడు నన్ను చూసి అవే దించాడు.

"నాన్నా, రెండో జట్టు కూడా సిద్ధం చేసుకో. దానికి సోలార్ బీమ్ ఉందేమో" అన్నాడు మా వాడు.

"వానలో నీటినెవడు ఆపుతాడురా" అన్నాను.

దానికి సోలార్ బీమే ఉంది. అది గడ్డి జాతి దెబ్బ. స్వాంపర్ట్ నీరూ నేలా కలిసిన జంతువు, గడ్డి దెబ్బ రెండు వైపులా తగులుతుంది. 1.6ని 1.6తో హెచ్చిస్తే 2.56. నా ఆస్తి అంతా కళ్ళ ముందే రాని బాకీ అయిపోయింది. మా వాడు తెచ్చినవి సెప్టైల్‌లు, అచ్చం గడ్డి జాతివి. వాటికి గడ్డి దెబ్బా, నేల దెబ్బా 0.625 వంతే తగులుతాయి. వాన వాటికి సాయం చెయ్యదు, అయినా అవి నిలబడి కొడుతున్నాయి.

దాని దగ్గర ఫైర్ బ్లాస్ట్ ఉంటే కథ తిరగబడేది. సెప్టైల్‌లు మాడిపోయేవి, నావి నిలిచేవి. ఏది ఉందో దెబ్బ తిన్నాకే తెలుస్తుంది. వాయిదా ఆగాక కాని అప్పు తీసుకున్నవాడు అర్థం కానట్టు!

ఆరూ పడ్డాక మళ్ళీ జట్టు కట్టుకుని దూకవచ్చు కాని గడియారం ఆగదు. గొడుగు కింద తడి వేలికి ఫోను పలకదు. ఉన్న రెండు సెప్టైల్‌లకి చేతికందినవి కలిపి దూకాను. ఒడియా కుర్రాడూ దూకాడు. ఏడు సెకన్లుండగా గ్రౌడాన్ పడింది.

తర్వాత బంతులు విసిరి పట్టుకోవాలి. నాకు దొరికింది. మా వాడిది తప్పించుకుపోయింది. వాడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. మార్చుకుందామా అన్నాను. "ఉండనీ నాన్నా, దసరాకి వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడు. మర్నాడు అరకు మీదుగా వెళ్ళే రైలెక్కించి వచ్చాను.

దసరా లోపలే గ్రౌడాన్ మళ్ళీ వచ్చింది. మేమిద్దరమే మిగిలాం. ఎక్కడున్నా చేరే పాసులు 2020 నుంచి ఉన్నాయి కనుక మా వాణ్ణి పిలిచాం, హాస్టలు గదిలోంచి చేరాడు. ఈసారి నా దగ్గర ఆరు సెప్టైల్‌లు, ఆరింటినీ మీసం మెలేసి దించాను.

ఫైర్ బ్లాస్ట్.

ఓడిపోయిన నిమిషానికి ఫోను మోగింది. "నాన్నా, రెండో జట్టు ఏదీ?"