పల్లెటూరి పిల్లగాణ్ని పలకరించిన కవి



ఈ నెల మన గోడపత్రికకు "నాకు నచ్చిన పాటగాడు" అనే అంశం ఇచ్చారు. ఎక్కువమంది సినిమాల్లో పాడేవాళ్ల గురించి రాస్తామన్నారు. నాకు కూడా సినిమా పాటలు ఇష్టమే. కానీ నేను సుద్దాల హనుమంతు గారి గురించి రాస్తున్న. ఎందుకంటే ఆయన పాట తానే రాసి, తానే బాణీ కట్టి, ఊరూరు తిరిగి తానే పాడిన మనిషి. అదీగాక ఆయన మన పాత నల్లగొండ జిల్లా మనిషి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తాండాల నుంచి వచ్చిన మనమంతా ఆయన పాట పుట్టిన జిల్లావాళ్లమే.

హనుమంతు గారు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మోత్కూరు దగ్గర పాలడుగు గ్రామంలో చేనేత కుటుంబంలో పుట్టారు. తర్వాత సుద్దాలలో స్థిరపడ్డారు. అందుకే ఆ ఊరి పేరే ఆయన ఇంటిపేరు లెక్క అయింది. సుద్దాల ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. కానీ ఆయన బతికినన్నాళ్లు అది నల్లగొండ జిల్లానే. ఆయనకు చిన్నప్పటి నుంచి హరికథలు, పాటలు అంటే ప్రాణం. కొన్నాళ్లు హైదరాబాదులో చిన్న సర్కారు ఉద్యోగం చేసి, అది వదిలేసి ఊరికి వచ్చేశారు. ఉద్యోగం వదిలి పాట పట్టుకున్నారన్నమాట. మన ఇండ్లల్ల ఎవరన్నా ఇట్ల చేస్తే ఏమంటరో మీకు తెలుసు.

ఆ రోజుల్లో మన దగ్గర నిజాం రాజ్యం. ఊళ్లల్లో దొరలు, దేశ్‌ముఖ్‌లు ఉండేవారు. వెట్టిచాకిరి ఉండేది. వెట్టి అంటే కూలి లేకుండా పని చేయడం. కుమ్మరి కుండలు ఊరికే ఇయ్యాలె, గొల్లవాళ్లు గొర్రెను ఊరికే ఇయ్యాలె, ఆడవాళ్లు దొర పొలంలో నాటు వేసినంకనే తమ పొలానికి పోవాలె. దీన్ని ఎదిరించి ఆంధ్ర మహాసభ జనాన్ని కూడగట్టింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు చనిపోయినంక పోరాటం పెద్దదైంది. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయింది. సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. దీంట్లో మన లంబాడీలు కూడా ఉన్నారు. ధర్మాపురం తాండావాళ్లు తమ భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కొట్లాడిండ్రు. జాటోతు ఠానూ ఆ పోరాటంలో ప్రాణం ఇచ్చిండు. సోషల్ పాఠంలో ఈ పేరు విన్నప్పుడు నాకు ఒళ్లు జల్లుమన్నది. పాఠంలో మనవాళ్ల పేరు వినడం నాకు అదే మొదటిసారి.

హనుమంతు గారు ఆ పోరాటానికి పాటలు కట్టారు. ఆయన కొత్త బాణీల కోసం వెతకలేదు, జనం నోట్లో ముందే ఉన్న వాటిని తీసుకున్నారు. గొల్ల సుద్దులు అని ఒక కళ ఉంది. గొంగడి కప్పుకొని, చేతిలో కర్ర పట్టుకొని, నవ్విస్తూ ప్రశ్నలు వేస్తూ కథ చెప్తారు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేండ్లకోసారి పెద్దగట్టు లింగమంతుల జాతర జరుగుతుంది కదా. ఆ జాతరకు పోయినవాళ్లకు గొంగళ్లు, గజ్జెలు, డోలు చప్పుడు ఎట్ల ఉంటయో తెలుసు. అటువంటి జనం కళలోకి ఆయన వెట్టి సంగతి, భూమి సంగతి తెచ్చి పెట్టారు. బుర్రకథలు కూడా చెప్పారు.

ఇది ఎందుకు గొప్పపని అంటే, అప్పటి పల్లెల్లో చదువుకున్నవాళ్లు చాలా తక్కువ. కాగితం పంచితే ఎవరు చదువుతారు? కాగితం దొరికితే పోలీసులు పట్టుకుంటారు కూడా. పాట అయితే నోట్లో ఉంటుంది. సోదా చేసినా దొరకదు. తెలిసిన బాణీ కాబట్టి ఒకసారి వింటే గుర్తుంటుంది. ఒకరు ఒక మాట అంటే మిగతావాళ్లు వంత అందుకుంటారు. రెండోసారికి వినేవాళ్లే పాడేవాళ్లు అయిపోతారు.

నాకు ఇది బాగా అర్థమైంది, ఎందుకంటే మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. మా యాడికి చదువు రాదు, మా బాకు సంతకం మాత్రమే వస్తది. ఈ గోడపత్రిక ముందు మా యాడి నిలబడితే నా చేతిరాత గుండ్రంగ ఉందని మురుస్తది, అంతే. అందులో నేను ఏం రాసినా ఆమెకు చేరదు. కానీ మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద నాట్లకు పోయినప్పుడు తెలుగోళ్లు పాడే నాటు పాట రెండుసార్లు వింటే చాలు, మూడోరోజు ఆమే ముందు అందుకుంటది. మాటలు సరిగ్గా పలకకపోయినా బాణీ తప్పదు. హనుమంతు గారు మా యాడి లాంటివాళ్ల కోసమే పాట కట్టారని నేను అనుకుంటా.

పాట పాడినవాళ్లలో ఆడపిల్లలు లేరా అని మీరు అడగొచ్చు. ఉన్నారు. మల్లు స్వరాజ్యం గారిది ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని కరివిరాల కొత్తగూడెం. ఆమె భూస్వాముల ఇంట్లో పుట్టి కూడా వెట్టివాళ్ల పక్షాన నిలబడ్డారు. ఇంచుమించు మన వయసులోనే ఊళ్లకు పోయి ఉయ్యాల పాటలు కట్టి పాడి జనాన్ని కదిలించారు. తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. 2022 మార్చిలో కన్నుమూశారు. మనం బతుకమ్మకు, తీజ్‌కు పాడే పాట కూడా అట్లాంటి పనే చేయగలదని ఆమెను చూస్తే తెలుస్తది.

మన ఇంగ్లీషు మేడం ఒకరోజు అమెరికాలోని సోల్ అనే పాటల గురించి చెప్పారు. సోల్ అంటే ఆత్మ. నల్లజాతివాళ్లను బానిసలుగా తెచ్చి పత్తిచేన్లలో పని చేయించుకున్న రోజుల్లో వాళ్లు పని చేస్తూ పాడుకున్నారట. ఆ పాటే చర్చిలకు పోయి, తర్వాత రేడియోకు పోయి సోల్ సంగీతం అయిందట. అందులో బిల్ విథర్స్ అని ఒక గాయకుడు ఉండేవారు. బొగ్గుగనుల ఊరిలో పుట్టారు, చిన్నప్పుడు నత్తి ఉండేది. ఫ్యాక్టరీలో పని చేస్తూ పాటలు రాసుకున్నారు. వాళ్ల అమ్మమ్మ చేతుల మీద ఒక పాట రాస్తే అది లోకమంతా విన్నది. ఆయన 2020లో చనిపోయారు. మేడం చెప్తుంటే నాకు అనిపించింది, పత్తిచేను అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. పత్తి ఏరి వేళ్లు గీరుకుపోయిన చేతులు మన ఇండ్లల్ల కూడా ఉన్నయి. వాటి మీద పాటే లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. హనుమంతు గారి పాటల్లో అందరికంటె పేరున్నది "పల్లెటూరి పిల్లగాడ". బి. నర్సింగరావు గారు, జి. రవీంద్రనాథ్ గారు నిర్మించగా గౌతం ఘోష్ గారు తీసిన "మా భూమి" సినిమా 1980లో విడుదలైంది. అందులో ఈ పాట ఉంది. అదే సినిమాలో బండి యాదగిరి గారు రాసిన "బండెనక బండి కట్టి" పాటను గద్దర్ గారు తెర మీద కనిపించి పాడారు. ఆ సినిమాతో ఈ పాటలు పోరాటం చూడనివాళ్లకు కూడా చేరినయి. హనుమంతు గారు 1982లో చనిపోయారు. ఆయన కొడుకు సుద్దాల అశోక్‌తేజ గారు ముందు టీచరుగా పనిచేసి తర్వాత సినిమా కవి అయ్యారు. 2003లో వచ్చిన "ఠాగూర్" సినిమా పాటకు జాతీయ అవార్డు తీసుకున్నారు.

"పల్లెటూరి పిల్లగాడ" పాట పసులు కాసే చిన్న జీతగాని మీద రాసింది. కవి ఆ పిల్లగాన్ని ఎదురుగా నిలబెట్టుకొని మాట్లాడినట్టు ఉంటది. వాని బట్ట గురించి, వాని కాలికి గుచ్చుకునే ముళ్ల గురించి, వాని జీతం గింజల్లో కలిపిన తాలు గురించి ఒక్కొక్కటి అడుగుతరు. ఉపన్యాసం ఉండదు, దొరను తిట్టుడు కూడా ముందుకు రాదు. అడుగుడే ఉంటది. అడుగుతుంటేనే వినేవాళ్లకు దుఃఖం వస్తది.

నాకు ఒక తమ్ముడు ఉన్నాడు. వానికి పదకొండేండ్లు. మూడో తరగతి దాకా చదివిండు. మా బా బోరు వేయించిండు, నీళ్లు పడలేదు, అప్పు పడ్డది. తమ్ముణ్ని పక్క ఊరి ఆసామి దగ్గర మేకలకు జీతం పెట్టిండ్రు. ఉగాది నుంచి ఉగాది దాకా లెక్క. పైసలు ముందే తీసుకున్నరు. మా తాండాల ఇది పెద్ద వింత కాదు. పొద్దుగూకినంక ఇంటి ముందటికి వస్తే వాన్ని ఎవరన్నా అడిగేది ఒక్కటే మాట: మేకలన్ని వచ్చినయా?

దసరా సెలవులకు పోయినప్పుడు నేను వాని ఎంబడి ఒకరోజు గుట్టకు పోయిన. హనుమంతు గారు అడిగినట్టే అడిగిన. ఎన్ని మేకలు? అరవై రెండు. పొద్దున ఏం తింటవు? చద్దన్నం, పచ్చిమిరపకాయ. చెప్పులేవి? ఒకదాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టిండు, చూపించిండు. దేనికి భయమైతది? ఉరుము ఉరిమితే చెట్టు కిందికి పోవాల్నా వద్దా తెల్వదు, మేకలైతే చెట్టు కిందికే ఉరుకుతయి అన్నడు. బడి గుర్తొస్తదా? దానికి ఏం అనలేదు. కొంచెంసేపు ఆగి, ఎనిమిదో ఎక్కం దాకా అప్పజెప్పిండు. తొమ్మిదోది మర్చిపోయిండు.

తర్వాత నేను వానికి ఆ పాట పాడి వినిపించిన. మొత్తం విన్నడు. విని ఒక మాట అడిగిండు: "అక్కా, పాటల ఆ పిల్లగాడు జవాబు చెప్పడా?"

నేను ఆలోచించిన. నిజమే, పాటల కవి అడుగుతనే ఉంటరు. పిల్లగాడు మాట్లాడడు. ఆనాటి పిల్లగానికి చదువు లేదు, వాని తరపున హనుమంతు గారు అడిగారు. అది ఆయన చేసిన గొప్పపని. కానీ ఇప్పుడు జవాబు రాయగలిగినవాళ్లం మనం ఉన్నాం కదా. మన హాస్టల్‌లో ఉన్నవాళ్లల్లో సగం మందికి తమ్ముడో చెల్లెలో మేకల కాడనో, మిరప తోటలల్లనో ఉన్నరు. సంక్రాంతికి ఇంటికి పోయి తిరిగి రానివాళ్ల మంచాలు మనకు తెలుసు. వాళ్ల జవాబులు మన నోట్లోనే ఉన్నయి.

అందుకే నేను మా తమ్ముడు చెప్పినవన్నీ పాటగా కడుతున్న. సగం తెలుగుల, సగం మా గోర్ మాటల. మా యాడికి తెలిసిన నాటు బాణీలనే పెట్టిన. ఉగాదికి ముందు ఇంటికి పోయి మా బా ముందట, తాండా పెద్దల ముందట పాడుత. ఉత్తరం రాస్తే మా బా చదవలేడు. పాట పాడితే వినకుండ ఉండలేడు. ఈ ఉగాదికి లెక్క తీరుతది. మళ్ల ఏడాదికి ఒప్పుకోవద్దని నా పాటల చివరి మాట.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలు బడి మానేసి ఉంటే వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని, వెనకబడ్డ చదువు వేరుగా నేర్పాలని సివిక్స్‌లో చదువుకున్నాం. పద్నాలుగేండ్ల లోపు పిల్లలను ఇట్ల పనికి పెట్టుకోవద్దని కూడా చట్టం ఉంది. వచ్చే జూన్‌లో బాలుర ఆశ్రమ పాఠశాలలో మా తమ్మునికి సీటు కోసం ఏ కాగితాలు కావాలో చెప్పితే నేను ఇప్పటి నుంచే సిద్ధం చేసుకుంట. మా బాకు మీరు ఒకసారి ఫోన్ చేసి చెప్పినా ఎంతో మేలు. పెద్దవాళ్లు చెప్పితే ఆయన వింటడు.

తోటి విద్యార్థినులకు ఒక మాట. ఈ గోడపత్రిక కింద మేకుకు దారంతో ఒక నోటుబుక్కు కట్టిన. మీ తాండాల పాడే పాట ఏదైనా, పేరు తెలియని వాళ్లు కట్టిందైనా, మీరు కట్టిందైనా అందులో రాయండి. ఏ బాణీనో పక్కన రాయండి. లంబాడీ మాటలకు మనకు వేరే అక్షరాలు లేవని ఆగవద్దు, తెలుగు అక్షరాల్లోనే రాయండి. తప్పులు పోతే దిద్దుకుందాం. హనుమంతు గారి పాట ఇంతకాలం బతికింది జనం పాడబట్టి. మన పాట కూడా ఎవరో ఒకరు పాడితేనే బతుకుతది.

నోటుబుక్కుల మొదటి పేజీ నేను రాసిన. అందులో మా తమ్ముడు మర్చిపోయిన తొమ్మిదో ఎక్కం కూడా పాటల పెట్టిన. ఎక్కమైనా బాణీల పెడితే మర్చిపోరని నా నమ్మకం.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి