పన్నెండు గంటల ప్రార్థన

దానియేలు తీరికున్న మనిషి కాడు. దర్యావేషు రాజ్యంలో 120 మంది అధిపతుల దగ్గర లెక్కలు అడిగే ముగ్గురు ప్రధానుల్లో ఆయనొకడు. అంత పెద్ద ఉద్యోగంలోనూ రోజుకు మూడుసార్లు ఇంటికొచ్చి, యెరూషలేము వైపు కిటికీలు తెరిచి మోకాళ్లూనేవాడు. 30 రోజులపాటు రాజుకు తప్ప ఎవరికీ మనవి చేయకూడదని శాసనం వచ్చాక కూడా మానలేదు. సండేస్కూల్లో పిల్లలకు సింహాల గుహ గురించి చెబుతాం. నాకు మాత్రం గుహ కన్నా ముందున్న సంగతే పెద్దది. శాసనం వచ్చిందని ఆయన కొత్తగా ప్రార్థన మొదలుపెట్టలేదు, రోజూ చేసేదే ఆ రోజూ చేశాడు.

మన విశ్వాసుల ఇళ్లలో తెల్లవారుజాము ప్రార్థన ఉంది. రాత్రి అన్నాలయ్యాక ఒక పాట, వాక్యం, కుటుంబ ప్రార్థన ఉన్నాయి. జారిపోయింది మధ్యాహ్నం. పని నెత్తిమీద కూర్చున్న ఆ వేళకే దేవుడు గుర్తురాడు.

కథోలికులు ఈ వేళను వదల్లేదు. ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు గంటలకు గుడి గంట, త్రికాల జపం. దేవదూత మరియమ్మకు వార్త చెప్పడం, ఆమె సరేననడం, వాక్యం మనిషై మన మధ్య ఉండడం తలచుకుంటూ మూడు మంగళవార్త జపాలు చెబుతారు. రెండు మూడు నిమిషాల పని. ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే వేసిన బొమ్మలో బంగాళాదుంపల చేలో తలవంచి నిలబడ్డ ఆలుమగలు చేస్తున్నది ఈ జపమే. పొలంలో గంట వినపడగానే తన నాయనమ్మ అందరి చేతా పని ఆపించి, చనిపోయినవాళ్ల కోసం జపం చెప్పించేదని ఆయన చెప్పుకున్నాడు.

ప్రొటెస్టెంటుల దగ్గర కథ వేరు. ఆరవ శతాబ్దంలో బెనెడిక్టు తన మఠాలకు పగలు ఏడు, రాత్రి ఒకటి చొప్పున ప్రార్థన వేళలు పెట్టాడు. సామాన్య సంఘం మోయగలిగేలా ఆంగ్లికన్ ఆర్చిబిషప్పు క్రాన్మర్ 1549 నాటి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకంలో వాటిని ఉదయ, సాయంకాల ఆరాధనలుగా కుదించాడు. 1841లో బందరులో పని మొదలుపెట్టిన ఆంగ్లికన్ మిషనరీలు ఆ సంప్రదాయంలో పెరిగినవాళ్లే. కుదింపు మంచిదే, కానీ నడిపగలు చేజారడం నష్టమని నా నమ్మకం.

ఎందుకంటారా, అపొస్తలుల కార్యములు పదో అధ్యాయం చూడండి. యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంటి మిద్దె మీద పేతురు పగలు పన్నెండు గంటలకు ప్రార్థనకు కూర్చున్నాడు. కడుపులో ఆకలి, కింద వంట ఇంకా కాలేదు. అన్నం కోసం కాచుకున్న ఆ కాసేపట్లోనే దర్శనం. ముందురోజు పగలు మూడు గంటలకు కైసరయలో యూదుడు కాని కొర్నేలీ కూడా ప్రార్థనలోనే ఉన్నాడు, అతనికి దూత కనిపించాడు. యూదులు కాని మనబోటి వాళ్లకు సంఘం తలుపు తెరుచుకున్నది ఈ ఇద్దరి ప్రార్థన వేళల్లో. ఇది చదివాక మధ్యాహ్నాన్ని తేలిగ్గా ఎలా తీసుకోగలం?

గడియారం చూసి చేసేది ఆచారమే అవుతుంది, ఎడతెగక ప్రార్థించమన్నాడు కదా పౌలు, అంటారు కొందరు పెద్దలు. వాళ్ల భక్తి మీద నాకు గౌరవం ఉంది. అయినా మనసు కలిగినప్పుడే చేద్దామనుకుంటే, అలసిన రోజున ఆ మనసు కలగదు. అలాంటి రోజున వేళే మనల్ని ప్రార్థనకు పిలుస్తుంది. మాటలు దొరక్కపోతే ప్రభువు నేర్పిన ప్రార్థన ఉంది, దానికి అర నిమిషం చాలు. దాన్ని రోజుకు మూడుసార్లు చెప్పమని డిడాకే అనే తొలి క్రైస్తవుల పుస్తకం ఆనాడే నేర్పింది.

వార్డులో సూది మందు చేతబట్టిన నర్సు, బస్సులో టిక్కెట్లు కొట్టే కండక్టరు పన్నెండింటికి పని ఆపలేరు. దూరాన పనిలో ఉన్న సన్యాసి మఠానికి పరుగెత్తక్కర్లేదు, ఉన్నచోటే మోకాళ్లూనమని బెనెడిక్టు రాశాడు. మోకాళ్లకూ వీల్లేనివాళ్లు ఎదుట ఉన్న రోగి పేరో ప్రయాణికుడి ముఖమో దేవుని ముందు పెట్టి, ఆమేన్ అనుకుని పని సాగించవచ్చు.

నాకొక కోరిక ఉంది. మన ఊళ్లలో చాలా చర్చిల గంటలు ఆదివారం కోసమే ఎదురుచూస్తుంటాయి. వాటిని రోజూ పన్నెండింటికి ఒక్క నిమిషం మోగించమని సంఘ పెద్దల్ని అడుగుదాం. గంట ఉంది, తాడు ఉంది. లాగడానికి రోజుకొకరు వంతు వేసుకుంటే సరిపోతుంది.